డెంటల్ అసిస్టెంట్ శిక్షణ: ఏ దారిలో వెళ్లాలి, ముందుగా ఏం నేర్చుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. స్కూలు చదువు అయిపోయింది, డెంటల్ అసిస్టెంట్‌గా స్థిరపడాలని ఉంది, మూడు దారులు కనిపిస్తున్నాయి అన్నారు. ఒకటి, ఇంట్లో కూర్చుని మూడు నెలల్లో ముగించే ఆన్‌లైన్ కోర్సు. రెండోది, ఏడాది కోర్సు, అందులో దాదాపు సగం రోజులు క్లినిక్‌లో పోస్టింగ్. మూడోది, ఏ కోర్సూ లేకుండా నేరుగా ఒక డాక్టర్ దగ్గర చేరి, చేస్తూ నేర్చుకోవడం. కోర్సు మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది. చివర్లో "రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమోనని భయం, నేను ఈ పనికి పనికొస్తానా" అని కూడా అడిగారు.

నేను ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్లయింది. గత ఎనిమిదేళ్లుగా కొత్తగా వచ్చే పిల్లలకు పని నేర్పుతున్నాను. అందుకే ముందు జవాబు చెప్పేసి, తర్వాత కారణాలు చెబుతాను. పోస్టింగ్ ఉన్న ఏడాది కోర్సులో చేరండి. అది ఏ కారణం చేతనైనా కుదరకపోతే, నేర్పే ఓపిక ఉన్న క్లినిక్‌లో చేరండి. ఆన్‌లైన్ కోర్సు ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం ఉద్యోగానికి వెళ్లకండి. పుస్తకంలో పాఠాలు చదవడానికి అది బాగానే పనికొస్తుంది, కానీ ఈ పని చేతులతో వచ్చేది. చేతులకి గంటలు కావాలి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే అసలు ఆ కుర్చీ పక్కన ఏం జరుగుతుందో చూడాలి. చాలామంది ఈ ఉద్యోగం అంటే పేషెంట్లని పిలవడం, బిల్లు రాయడం, డాక్టర్ అడిగింది అందించడం అనుకుంటారు. అందించడం నిజమే. అయితే అడిగాక అందిస్తే ఆలస్యమైనట్టే. అడగకముందే చేతిలో పెట్టగలిగితేనే మీరు పని నేర్చుకున్నట్టు.

సక్షన్‌తో, అంటే నోట్లోంచి నీళ్లు, రక్తం లాగే గొట్టంతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి నెలంతా మీ చేతిలో ఉండేది అదే. డాక్టర్‌ది కుడిచేతి వాటం అయితే ఆయన పేషెంట్‌కి కుడివైపు, మీరు ఎడమవైపు కూర్చుంటారు. పేషెంట్ ముఖాన్ని గడియారం అనుకోండి, తల పైభాగం 12. డాక్టర్ 7 నుంచి 12 మధ్య తిరుగుతుంటారు, మీ చోటు 2 నుంచి 4 మధ్య. 4 నుంచి 7 వరకు ఉన్న చోట, అంటే గడ్డం కింద, ఛాతీ మీదుగా పరికరాలు చేతులు మారతాయి. 12 నుంచి 2 వరకు పేషెంట్ కంటికి కనపడని చోటు, అక్కడ ట్రాలీ పెట్టుకుంటారు. మీ కుడిచేతిలో సక్షన్, ఎడమచేత్తో పరికరాలు అందించడం. ఎడమచేతి వాటం డాక్టర్ అయితే ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

ఇప్పుడు కింది ఎడమ దవడ పన్ను మీద డ్రిల్లింగ్ మొదలవుతోంది అనుకుందాం. హ్యాండ్‌పీస్ అనే డ్రిల్లింగ్ పరికరంతో పాటు నీళ్లు చిమ్ముతాయి. డాక్టర్ అద్దం, హ్యాండ్‌పీస్ లోపల పెట్టకముందే మీ సక్షన్ కొన దాని చోటులో ఉండాలి. తర్వాత పెడదామంటే చోటు దొరకదు. పెట్టినా డాక్టర్ చేతికి తగులుతుంది. కొనకి ఉన్న ఏటవాలు అంచు పన్ను గోడకి సమాంతరంగా ఉండాలి, పన్నుకి బాగా దగ్గరగా ఉండాలి, అలాగని డ్రిల్ మొనకి అడ్డం రాకూడదు. కాస్త లోపలికి జారితే మెత్తటి అంగిలికి తగిలి పేషెంట్‌కి వాంతి వచ్చినట్టవుతుంది. కాస్త పక్కకి జారితే చెంప చర్మాన్ని లాగేసి గట్టిగా పట్టుకుంటుంది, విడిపించేలోపు నోట్లో నీళ్లు నిండిపోతాయి. అదే సక్షన్‌తో నాలుకని మెల్లగా పక్కకి పట్టుకోవాలి కూడా. ఇదంతా చేస్తూనే అద్దం మీద నీళ్లు పడి డాక్టర్‌కి కనిపించడం లేదని గమనించి, ఎడమచేత్తో గాలి కొట్టి అద్దం ఆరబెట్టాలి. వీడియోలో ఇది పది సెకన్ల పని. చేతికి కుదరడానికి నాకు ఆరు వారాలు పట్టింది. నేను నేర్పిన వాళ్లలో చురుకైన వాళ్లకి కూడా నెల పట్టింది.

తర్వాత పరికరం మార్చడం. డాక్టర్ కళ్లు నోటి మీద నుంచి కదలకూడదు. ఆయన వాడేసిన పరికరాన్ని కొంచెం వెనక్కి తీయగానే, మీ ఎడమచేతి చివరి రెండు వేళ్లు దాన్ని అందుకుని అరచేతిలోకి ముడుచుకుంటాయి. అదే చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు కొత్త పరికరాన్ని ఆయన వేళ్ల మధ్యలో పెడతాయి. చేతికి తెలిసేలా కాస్త ఒత్తి పెట్టాలి, గాలిలో వదిలేసినట్టు కాదు. పైపన్ను మీద పని అయితే పరికరం మొన పైకి చూడాలి, కింది పన్ను అయితే కిందికి. అప్పుడు ఆయన చేతిలో తిప్పుకోనక్కర లేకుండా నేరుగా పన్ను మీదికి వెళ్తుంది. ఇంటి దగ్గర రెండు పెన్నులు పట్టుకుని ఇది సాధన చేయండి. కోర్సు మొదలయ్యేలోపు రోజూ పావుగంట చేసినా పోస్టింగ్‌లో మీ చేతులు వణకవు. మత్తు సూది మాత్రం ఇలా కళ్ల ముందు నుంచి ఇవ్వరు. గడ్డం కింద నుంచో తల వెనక నుంచో, పేషెంట్‌కి కనపడకుండా అందిస్తారు. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోకండి. మూతని ట్రే మీద ఉంచి, ఒక్క చేత్తో సూదితో దాన్ని ఎత్తుకోవాలి. అక్కడ జరిగే చిన్న పొరపాటు గురించి చివర్లో చెబుతాను.

ఈ జంటపనికి నాలుగు చేతుల పద్ధతి అని పేరు. డాక్టర్ ఒంటరిగా నిలబడి, వంగి, తనే అన్నీ వెతుక్కుంటూ పనిచేసే రోజులు చాలాకాలం నడిచాయి. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు 1885లో మాల్వీనా క్యూరియా అనే యువతిని సహాయకురాలిగా పెట్టుకున్నారు. మన వృత్తి చరిత్ర మామూలుగా ఆమెతోనే మొదలుపెట్టి చెబుతారు. అప్పట్లో ఆడవాళ్లు ఒంటరిగా పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి సంకోచించేవారు. గదిలో ఇంకో స్త్రీ ఉంటే ధైర్యంగా వచ్చేవారు. అంటే మన వృత్తి పుట్టిందే పేషెంట్ భయం తగ్గించడానికి. ఆ తర్వాత 1924లో జూలియెట్ సదర్డ్ అనే అసిస్టెంట్ ముందుండి అమెరికన్ డెంటల్ అసిస్టెంట్స్ అసోసియేషన్‌ని పెట్టారు, మనకీ శిక్షణ, గుర్తింపు ఉండాలని. కెల్స్ పేరు మళ్లీ ఎక్స్‌రే దగ్గర వస్తుంది, గుర్తుంచుకోండి.

పన్ను నంబర్లు ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి క్లినిక్ అక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కువ చోట్ల వాడేది రెండంకెల పద్ధతి. మొదటి అంకె నోటిలో ఏ పావు భాగమో చెబుతుంది: పేషెంట్ కుడి పై భాగం 1, ఎడమ పై భాగం 2, ఎడమ కింది భాగం 3, కుడి కింది భాగం 4. రెండో అంకె ముందు పళ్ల మధ్య గీత నుంచి లెక్కపెడితే ఎన్నో పన్నో చెబుతుంది, 1 నుంచి 8 వరకు. కాబట్టి 36 అంటే ఎడమ కింద మొదటి పెద్ద దవడ పన్ను. దాన్ని "ముప్పై ఆరు" అనకుండా "మూడు, ఆరు" అని విడివిడిగా చదవండి, వినేవాళ్లకి పొరపాటు జరగదు. పెద్దవాళ్లకి 32 పళ్లు, పిల్లలకి పాలపళ్లు 20, పాలపళ్లకి మొదటి అంకె 5 నుంచి 8 వరకు వస్తుంది. అమెరికాలో వాడే పద్ధతి వేరు. అక్కడ పై కుడి జ్ఞానదంతం నుంచి మొదలుపెట్టి వరసగా 1 నుంచి 32 దాకా లెక్కపెడతారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రెండంకెల పద్ధతిలో 16 అంటే పై కుడి మొదటి పెద్ద దవడ పన్ను. అమెరికా పద్ధతిలో 16 అంటే పై ఎడమ జ్ఞానదంతం. వేరే చోటు నుంచి వచ్చిన రిఫరల్ చీటీలో "16 తీసేయాలి" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఏ పద్ధతిలో రాశారో అడగాల్సిన మొదటి మనిషి చీటీ అందుకున్న అసిస్టెంటే. మొహమాటపడకుండా అడగండి.

ఇంకో చిన్న విషయం, రూట్ కెనాల్ ఫైళ్ల రంగులు. ఇవి పన్ను వేరు లోపల శుభ్రం చేసే సన్నటి పరికరాలు, రంగు వాటి సైజు చెబుతుంది. తెలుపు 15, పసుపు 20, ఎరుపు 25, నీలం 30, ఆకుపచ్చ 35, నలుపు 40. ఆ తర్వాత 45కి మళ్లీ తెలుపు వస్తుంది. డాక్టర్ "ఇరవై ఐదు" అనగానే మీ చెయ్యి ఎరుపు మీదికి వెళ్లాలి. ఇది కంఠతా పట్టాల్సిందే.

ఇక ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే చోటికి వస్తాను. పేషెంట్‌కి కనపడనిది, డాక్టర్ కూడా రోజూ తొంగిచూడనిది, స్టెరిలైజేషన్ గది, అంటే పరికరాల మీది క్రిములని పూర్తిగా చంపే గది. కోర్సు మంచిదా కాదా అని నన్నడిగితే, వాళ్లు ఈ గదిలో పిల్లలతో ఎన్ని రోజులు పని చేయిస్తారో అడిగి చెప్పేస్తాను.

అక్కడ పని ఒకే దిశలో నడవాలి. మురికి ట్రే ఒక వైపు నుంచి వస్తుంది, శుభ్రమైన పౌచ్ (పరికరాలు పెట్టి మూసే సంచి) ఇంకో వైపు నుంచి వెళ్తుంది, రెండూ ఎక్కడా కలవకూడదు. ముందు మందపాటి గ్లోవ్స్ వేసుకుని, కంటికి అద్దాలు పెట్టుకుని పరికరాలు కడగాలి, లేదా అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేయాలి. రక్తం, సిమెంట్ ఎండిపోయి అంటుకుని ఉంటే ఆవిరి వాటి కిందికి వెళ్లలేదు, కాబట్టి సరిగ్గా కడగని పరికరం ఎంత వేడి చేసినా స్టెరైల్ అయినట్టు కాదు. తర్వాత బాగా ఆరబెట్టి, కత్తెర, ఫోర్సెప్స్ (పన్ను తీసే పట్టకారు) లాంటి కీలు ఉన్నవాటిని తెరిచి ఉంచి, పౌచ్‌లో పెట్టి, తేదీ వేసి ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో వేడి ఆవిరి పట్టించే మెషీన్‌లో పెట్టాలి. ఆవిరి 121 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కనీసం 15 నిమిషాలు, 134 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు పట్టి ఉండాలి. పౌచ్‌లో ఉన్నవాటికి మెషీన్ రకాన్ని బట్టి ఇంకా ఎక్కువ పడుతుంది, మెషీన్‌తో వచ్చిన పుస్తకం చదివి దాని ప్రకారమే నడపాలి. ఈ టైము వేడి ఆ డిగ్రీకి చేరాక లెక్క, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. చివర్లో ఆరే సమయం కూడా ఆగాలి. తడి పౌచ్ బయటికి తీస్తే కాగితంలోంచి క్రిములు లోపలికి పోతాయి.

నేను చేరిన రెండో నెలలో జరిగింది చెబుతాను. సాయంత్రం రద్దీ, పరికరాలు తక్కువ పడుతున్నాయి. ఎక్కువ పట్టాలని పౌచ్‌లన్నీ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి కుక్కి ఆటోక్లేవ్ నడిపాను. అయిపోయింది, తీశాను, పైకి చూస్తే బయటి గుర్తు రంగు మారింది. పన్ను తీయించుకోవడానికి ఒక పెద్దాయన కుర్చీలో ఉన్నారు, మత్తు ఇచ్చేశారు. ఫోర్సెప్స్ పౌచ్ తెరిచాను. ఆవిరి సరిగ్గా అందితే రంగు మారాల్సిన, లోపల పెట్టిన ఇండికేటర్ కాగితం పాత రంగులోనే ఉంది. దొంతరలో మధ్యన పడ్డ పౌచ్ అది, ఆవిరి లోపలికి అందలేదు. డాక్టర్ చెయ్యి చాచి ఉన్నారు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఇచ్చేద్దామా అనిపించింది. పరికరం మెరుస్తోంది, చూసే కళ్లకి తేడా ఏమీ లేదు. ఇవ్వలేదు. "ఇది సరిగ్గా స్టెరిలైజ్ అవలేదండీ" అన్నాను, గొంతు వణికింది. డాక్టర్ చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు రోజు సెట్ ఏదైనా ఉందేమో చూడమన్నారు. అదృష్టం కొద్దీ ఒకటి ఉంది, దాని లోపలి కాగితం రంగు మారి ఉంది. ఆ పూట మిగిలిన పౌచ్‌లన్నీ ఏరి, విప్పి, కొత్త పౌచ్‌ల్లో మళ్లీ పెట్టాం. వెనక ఉన్న ముగ్గురు పేషెంట్లు ముప్పావు గంట ఆగారు. నన్ను కోప్పడ్డారు, పౌచ్‌లు కుక్కినందుకు. చెప్పినందుకు ఎవరూ ఏమీ అనలేదు.

అప్పటి నుంచి పౌచ్‌లు ఎప్పుడూ అంచు మీద నిలబెట్టి, మధ్య చోటు వదిలే పెడతాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లతో మొదటి వారం లోపలి కాగితాలన్నీ తేదీలవారీగా పుస్తకంలో అంటింపజేస్తాను. వారానికొకసారి స్పోర్ టెస్ట్ కూడా చేయాలి. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే వేడిని బాగా తట్టుకునే బ్యాక్టీరియా విత్తులు ఉన్న చిన్న గొట్టాన్నో కాగితాన్నో పరికరాలతో పాటు మెషీన్‌లో పెడతారు. అవి చనిపోతే మెషీన్ పని చేస్తున్నట్టు, బతికితే మెషీన్ ఆపేసి కారణం కనుక్కోవాల్సిందే. "మీ క్లినిక్‌లో స్పోర్ టెస్ట్ రిజిస్టర్ ఉందా" అని మీరు ఇంటర్వ్యూలో అడిగితే, ఆ జవాబును బట్టే ఆ క్లినిక్ ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

పేషెంట్‌కి పేషెంట్‌కి మధ్య చేయాల్సినవి కూడా కొన్నున్నాయి. ముట్టుకున్న ప్రతి చోటూ తుడవడం లేదా ప్లాస్టిక్ తొడుగు మార్చడం, నీటి గొట్టాలు 20 నుంచి 30 సెకన్లు వదలడం, గ్లోవ్స్ తీయగానే చేతులు కడగడం. సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు. గ్లోవ్స్ వేసుకున్న చేత్తో ఫోన్ ముట్టుకోకూడదు, డ్రాయర్ తెరవకూడదు. ఇది ఎంత చెప్పినా మర్చిపోతారు. అందుకే నేను నేర్పేటప్పుడు పిల్లల గ్లోవ్స్‌కి రంగు పూసి పని చేయిస్తాను. పావుగంట తర్వాత ఆ రంగు ఎక్కడెక్కడ అంటుకుందో వాళ్లే చూసి నోరు తెరుస్తారు.

ఎక్స్‌రే. కొన్ని చోట్ల అసిస్టెంట్ ఎక్స్‌రే తీయాలంటే విడిగా పరీక్ష రాసి అనుమతి తీసుకోవాలి, కొన్ని చోట్ల డాక్టరే తీయాలి. ఎవరు తీసినా ఒక నియమం మారదు: ఫిల్మ్‌ని లేదా సెన్సర్‌ని పేషెంట్ నోట్లో మీ వేళ్లతో పట్టుకుని నిలబడకూడదు. కదిలే పసివాడైనా, ఎంత బతిమిలాడినా. హోల్డర్ వాడాలి, లేదా తల్లో తండ్రో రక్షణ ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి. మీరు గోడ వెనక ఉండాలి, గోడ లేకపోతే కనీసం రెండు మీటర్ల దూరంలో, కిరణం వెళ్లే దారికి పక్కన ఉండాలి. పైన చెప్పిన కెల్స్ గుర్తున్నారా? జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రేలు కనిపెట్టిన మరుసటి ఏడాదే ఆయన పళ్లకి ఎక్స్‌రేలు తీయడం మొదలుపెట్టారు. మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ప్రతిసారీ తన చెయ్యే అడ్డం పెట్టుకునేవారు. క్యాన్సర్ వచ్చింది. వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యి పోయింది, 1928లో చనిపోయారు. నోట్లోంచి నీళ్లు, రక్తం లాగే సక్షన్ పద్ధతికి ఆద్యుడు కూడా ఆయనే అంటారు. మన పనిలో సగం ఆయన చేతుల మీదుగా వచ్చింది, ఆ చేతుల్లో ఒకదాన్నే పోగొట్టుకున్నారు. ఒక్క ఎక్స్‌రేలో ఏముందిలే అని చాలామంది అంటారు. పేషెంట్‌కి ఒక్కటే, మీకు రోజుకి ఇరవై.

అచ్చులు తీసే ఆల్జినేట్ కలపడం, జీఐసీ (గ్లాస్ అయానోమర్) సిమెంట్ కలపడం, కాంపోజిట్‌కి, అంటే పన్ను రంగు ఫిల్లింగ్‌కి లైట్ పెట్టడం, ఇవన్నీ నెలలోపు వచ్చేస్తాయి. ఆల్జినేట్‌కి ఒక్క మాట: నీళ్లు చల్లగా ఉంటే గట్టిపడటానికి ఎక్కువ టైము ఇస్తుంది, గోరువెచ్చగా ఉంటే చేతిలోనే గట్టిపడిపోతుంది. గిన్నె గోడకేసి గట్టిగా రుద్దుతూ కలపండి, గాలి బుడగలు పోతాయి. తీసిన అచ్చుని ఎండనివ్వకండి, తడి గుడ్డలో చుట్టి త్వరగా ప్లాస్టర్ పోయించండి.

ఇప్పుడు రక్తం భయం. అమ్మా, ఇది మీ ఒక్కరికే కాదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో మొదటిసారి పన్ను తీయడం చూసి కళ్లు తిరిగి కూర్చుండిపోయినవాళ్లు ఏటా ఉంటారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఇంప్లాంట్ సర్జరీల్లో పని చేస్తున్నారు. ఖాళీ కడుపుతో వెళ్లకండి. మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడకండి, వీలైతే కూర్చోండి. ఒంట్లో వేడి ఎక్కినట్టు, చెవుల్లో హోరు మొదలైనట్టు అనిపిస్తే తొడల కండరాలు, పిడికిళ్లు గట్టిగా బిగించి వదలండి, రక్తపోటు పడిపోకుండా ఆపుతుంది. అయినా తగ్గకపోతే పక్కకి తప్పుకుంటున్నానని చెప్పి వెంటనే నేల మీద కూర్చోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటి రెండు వారాలు ఫిల్లింగులు, క్లీనింగులు చూడనివ్వమని, సర్జరీలు తర్వాత చూస్తానని మీ టీచర్‌కి ముందే చెప్పండి. చేతిలో పని ఉంటే భయం తగ్గుతుంది. ఊరికే నిలబడి చూసేవాళ్లకే ఎక్కువగా కళ్లు తిరుగుతాయి.

మీ భయం మీకు ఒక మంచి కూడా చేస్తుంది. కుర్చీలో ఉన్నవాళ్లలో చాలామందికి అదే భయం. పిడికిళ్లు బిగుసుకోవడం, భుజాలు పైకి లేవడం, మాట తడబడటం మీరు ముందుగా పట్టుకోగలరు. క్లినిక్‌లో తరచుగా ఎదురయ్యే ఎమర్జెన్సీ పేషెంట్ స్పృహ తప్పడమే, అది చాలాసార్లు మత్తు సూదికి ముందో వెనకో వస్తుంది. ముఖం పాలిపోయి చెమటలు పడుతుంటే డాక్టర్‌కి చెప్పి, పని ఆపి, కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు తలకన్నా పైకి ఎత్తాలి. నెలలు నిండిన గర్భిణి అయితే కాస్త ఎడమవైపు ఒరిగించాలి. వచ్చిన ప్రతివాళ్లనీ ఏమైనా తిన్నారా, ఏ మందులు వాడుతున్నారు, దేనికైనా అలర్జీ ఉందా అని అడగడం మర్చిపోకండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నామని డాక్టర్‌కి చెప్పనివాళ్లు, మీరు పక్కన కూర్చుని మెల్లగా అడిగితే చెబుతారు.

కోర్సు చూసేటప్పుడు ఫీజు, బిల్డింగు కన్నా ముందు అడగాల్సినవి చెబుతాను. పోస్టింగ్ మొత్తం ఎన్ని గంటలు, అందులో కుర్చీ పక్కన ఎన్ని గంటలు, రిసెప్షన్‌లో ఎన్ని గంటలు? ఒక్క క్లినిక్‌లోనేనా, మూడు నాలుగు రకాల చోట్ల తిప్పుతారా? పిల్లల డాక్టర్, పళ్లకి క్లిప్పులు వేసే డాక్టర్, సర్జన్, ఒక్కొక్కరి దగ్గర పని ఒక్కోలా ఉంటుంది. నేర్పే టీచర్లలో స్వయంగా అసిస్టెంట్‌గా పని చేసినవాళ్లు ఎంతమంది? పోయినేడాది నేర్చుకుని వెళ్లిన ఇద్దరితో మాట్లాడనిస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకి నీళ్లు నమిలితే అక్కడ చేరకండి. ఆ సర్టిఫికెట్‌కి మీరు పని చేయబోయే చోట గుర్తింపు ఉందో లేదో కూడా చూసుకోవాలి, ఎందుకంటే దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. బ్రిటన్‌లో ఈ పని చేసేవాళ్లని డెంటల్ నర్స్ అంటారు, జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నియమాలు. అక్కడ జాతీయ స్థాయిలో ఉన్న సీడీఏ (సర్టిఫైడ్ డెంటల్ అసిస్టెంట్) సర్టిఫికెట్‌కి మూడు పరీక్షలుంటాయి: కుర్చీ పక్క పని, రేడియేషన్ భద్రత, ఇన్ఫెక్షన్ నివారణ. మూడింట్లో రెండు భద్రతకే ఇచ్చారు, గమనించండి.

నేరుగా క్లినిక్‌లో చేరే దారి పనికిరాదని అనను. నేను వచ్చింది అలాగే. కాకపోతే ఆ దారిలో ఒక లోటుంది. ఆ డాక్టర్‌కి తెలిసినంతే మీకు వస్తుంది, ఆయన అలవాట్లలో తప్పులుంటే అవీ వస్తాయి, అవి తప్పులని మీకు తెలియను కూడా తెలియదు. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టడం నేను అలాగే నేర్చుకున్నాను, మానుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ దారిలోనే వెళ్లాల్సి వస్తే ఆన్‌లైన్ కోర్సుని తోడుగా పెట్టుకోండి, అప్పుడు అది నిజంగా ఉపయోగపడుతుంది. సాయంత్రం చదివింది మర్నాడు క్లినిక్‌లో కనిపిస్తుంది, కనిపించకపోతే ఎందుకు లేదని అడగొచ్చు.

నడుము, మెడ జాగ్రత్త. మీ స్టూలు డాక్టర్ స్టూలు కన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి, పాదాలు కింద ఉన్న రింగు మీద ఆనాలి. లేకపోతే రోజంతా మెడ చాచి చూస్తూ ఉంటారు. కొత్తవాళ్లు స్టూలు ఎత్తు అడగడానికి మొహమాటపడి, ఐదేళ్లకి నొప్పితో పని మానేస్తున్నారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

ఎదుగుదల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ పని ఎన్నేళ్లు చేసినా దానంతట అది మిమ్మల్ని డెంటల్ హైజీనిస్ట్‌నో (పళ్లు శుభ్రం చేసే నిపుణులు) డాక్టర్‌నో చేయదు, ఆ చదువులు వేరు. కానీ సర్జరీ, క్లిప్పులు, పిల్లల విభాగం లాంటి ఒక రంగంలో చెయ్యి తిరిగితే మీకోసం వెతుక్కుంటూ వస్తారు. పెద్ద క్లినిక్‌లలో స్టెరిలైజేషన్ మొత్తానికి బాధ్యులుగా, క్లినిక్ మేనేజర్‌గా, నాలా నేర్పేవాళ్లుగా మారినవాళ్లు ఎందరో ఉన్నారు.

సూది గురించి చివర్లో చెబుతానన్నాను కదా. హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) ఉన్న పేషెంట్‌కి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా వేసుకోనివారికి అది అంటుకునే అవకాశం నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. హెచ్ఐవీకి అది వెయ్యికి 3 మాత్రమే. గుచ్చుకుంటే పిండకూడదు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పి డాక్టర్‌కి చూపించుకోవాలి. హెచ్ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. హెపటైటిస్ బికి మాత్రం ముందే టీకా ఉంది. మామూలు పద్ధతిలో మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. ఆఖరి డోసు అయిన ఒకటి రెండు నెలలకి రక్త పరీక్ష చేయించి, యాంటీబాడీలు కనీసం 10 mIU/mL ఉన్నాయో లేదో చూసుకోవాలి. పోస్టింగ్‌లో మొదటి రోజు నుంచే ట్రేల మీద సూదులుంటాయి. మీకు చేతిలో రెండు నెలలుంది. చిన్నప్పుడు వేయించి ఉంటే ఆ రికార్డు వెతికి డాక్టర్‌కి చూపించండి. లేకపోతే మొదటి డోసు ఈ వారమే వేయించుకోండి, కోర్సు మొదలయ్యేలోపు రెండో డోసు కూడా అయిపోతుంది. టీకా కార్డు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, చేరే రోజు అడుగుతారు. అడగకపోతే మీరే చూపించండి.